పైన పెట్టిన పలక

ఆ ఫోను వచ్చినప్పుడు నేను జిరాక్స్ షాపులో ఒక రైతు పాసుపుస్తకానికి నకళ్ళు తీస్తున్నాను. హైదరాబాదు నంబరు. లోను ఇస్తామంటూ విసిగించేవాళ్ళేమో అనుకుని మొదట ఎత్తలేదు. మళ్ళీ మోగితే చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడాను. అవతలి ఆయన నా పేరు అడిగి, నేనేనని రూఢి చేసుకుని, తమ కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉద్యోగం నాకు ఇవ్వాలనుకుంటున్నామని, వారం లోపల నా మాట చెప్పమని అన్నాడు. జీతం కూడా చెప్పాడు. నేను సరే సరే అంటూనే ఉన్నాను, మిషను నకళ్ళు తీస్తూనే ఉంది. రైతుకు కావలసింది రెండు. చూసుకునేసరికి ట్రే నిండా ఉన్నాయి.

"ఏందమ్మా, మా ఊరందరికీ పంచాల్నా?" అన్నాడాయన.

నేను ఏ ఉద్యోగానికీ దరఖాస్తు పెట్టలేదు. పెట్టడానికి నా దగ్గర ఏముంది? ఇంటర్మీడియట్ పాసయిన సర్టిఫికెట్టు ఒక్కటి. ఇంజనీరింగు కాలేజీ గేటు లోపలికి నేను పోయింది కూడా ఒక్కసారే. వాళ్ళ ప్రాజెక్టు రిపోర్టుల బైండింగు ఇచ్చి రావడానికి.

నా చదువంతా మార్కాపురం శాఖా గ్రంథాలయంలో జరిగింది. ఇది చెప్పుకోవడం నాకు ఇష్టం. ఇప్పటికీ ఎవరైనా ఎక్కడ చదివావని అడిగితే ముందు ఆ పేరే చెబుతాను.

ఇంటర్ అయిన ఏడాది నాయనకు దగ్గు పట్టుకుంది. ఆయన పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఆ దుమ్ముకు దూరంగా కొన్నాళ్ళు ఇంట్లోనే ఉండమన్నాడు డాక్టరు. నేను జిరాక్స్ షాపులో చేరాను. నాయన తేరుకుని మళ్ళీ పనికి పోవడం మొదలుపెట్టాక, పొద్దున్నే ఆయన బండి మీదే నేనూ టౌనుకు వచ్చేదాన్ని. షాపు తీసేది పదింటికి. అప్పటిదాకా ఎక్కడ కూర్చోవాలి? బస్టాండులో కూర్చుంటే ఎవరో ఒకరు, అమ్మాయి ఏ ఊరు పోవాలి అని అడుగుతారు. లైబ్రరీలో ఎవరూ ఏమీ అడగరు. పైగా ఫ్యాను ఉంటుంది.

అక్కడ పొద్దునపూట పేపరు దొరకడం కష్టం. రిటైరయిన పెద్దవాళ్ళు ముందే వచ్చి షీట్లు విడదీసి తలా ఒకటి పట్టుకుంటారు. చాలాకాలం నా వంతుకు వచ్చింది మధ్య షీటే. అందుకని ప్రపంచంలో ఏం జరుగుతోందో నాకు ఎప్పుడూ సగం నుంచే తెలిసేది. పేపరు చేతికి వచ్చేలోపు ఊరికే ఉండలేక బీరువాల్లో పుస్తకాలు తీయడం మొదలుపెట్టాను. జీవిత చరిత్రలు అయిపోయాయి, ఆరోగ్యం అయిపోయింది, భూగోళం అయిపోయింది. మన పలకరాయి కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పేరుకున్న బురద అని అక్కడే చదివాను. ఆ రోజు సాయంత్రం బండి మీద వెనక కూర్చుని ఆ సంగతి నాయనకు చెప్పాను. ఆయన బండి నెమ్మది చేసి, "అట్లనా. అయితే మన వంతు నీళ్ళు అప్పుడే వాడేసినట్టున్నారు," అన్నాడు.

కంప్యూటరు పుస్తకం కింది అరలో ఉండేది. ఇంగ్లీషుది. అట్ట లేదు, మొదటి అధ్యాయం మొత్తం లేదు. పాత పేపర్లతో పాటు తూకానికి పోవలసినదాన్ని లైబ్రేరియన్ సార్ ఆపి ఉంచారు, ఎవరికైనా పనికొస్తుందని. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండో అధ్యాయం నుంచి చదివాను. ముందు కాగితం మీద రాసేదాన్ని. లైబ్రరీలో కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడు దాని మీద, తర్వాత షాపులో గిరాకీ లేనప్పుడు అక్కడి కంప్యూటరు మీద. నేను రాసింది మొదటిసారి నడిచిన రోజు, తెర మీద నా పేరు వచ్చినందుకు షాపులో ఉన్నవాళ్ళందరికీ టీ చెప్పాను. ఎందుకో వాళ్ళకు చెప్పలేదు. చెప్పినా నవ్వుతారు.

మా కాలనీ ఊరి చివర. ఎండాకాలం నీళ్ళ ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తుంది, అదీ ఏ వేళకు వస్తుందో తెలియదు. దాని కోసం ఆడవాళ్ళు పనుల మధ్య మాటిమాటికీ రోడ్డు మీదికి వచ్చి చూసేవారు. ట్యాంకరు నింపుకుని బయలుదేరగానే డ్రైవరు తన ఫోనులో ఒక గుర్తు నొక్కితే, ఏ సందు వంతో, ఆ సందులో ముందు ఎవరి వంతో అందరి ఫోన్లకూ మెసేజి పోయేటట్టు నేను ఒక ప్రోగ్రాము రాశాను. డ్రైవరు మంచివాడు. రోడ్డు మీద తిట్లు తగ్గుతాయంటే ఏదైనా నొక్కుతానన్నాడు.

మొదటి రోజే గొడవయింది. ట్యాంకరు వచ్చినప్పుడు మనిషి లేకపోతే వంతు తర్వాతివాళ్ళకు పోయేటట్టు రాశాను నేను. పుస్తకంలో వరుస అంటే అదే. ముందు వచ్చినవాళ్ళు ముందు, లేనివాళ్ళు లేరు. మా ఎదురింటి అవ్వ ఆ పూట పింఛను కోసం పోయింది. ఆమె వంతు జారిపోయింది. తిరిగి వచ్చి ఖాళీ డ్రమ్ము చూసుకుని నేరుగా మా గుమ్మంలోకి వచ్చింది.

"నీ ఫోనుకు కండ్లు లేవా ఏంది? నా రాయి ఆడనే ఉంది గదా," అంది.

మా కాలనీలో నీళ్ళ వరుసలో మనుషులు నిలబడరు. రాళ్ళు ఉంటాయి. బీడీలు చుట్టే ఆమె ఇటుక ముక్క, టైలరు వాళ్ళ విరిగిన రోలు, మాది ఒక పలక ముక్క. ఎవరి రాయి ఏదో అందరికీ తెలుసు. రాయి పెట్టి పనికి పోవచ్చు, సంతకు పోవచ్చు. మనిషి రాకపోతే పక్కవాళ్ళు ఆ రాయి పేరున ఒక డ్రమ్ము నింపి పెడతారు, మిగతా నీళ్ళు ముందుకు పోతాయి. రాయిని తీసి పక్కన పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. అయినా వరుస గురించి పుస్తకంలో చదివిన రోజు నుంచీ ఆ రాళ్ళు నా కంటికి ఆనలేదు.

అవ్వ దగ్గర కూర్చుని రాయి చట్టమంతా అడిగి తెలుసుకున్నాను. ఒక రాయి ఎంతసేపు చెల్లుతుంది, రెండు రాళ్ళు వరుసగా ఉంటే ఎవరు నింపాలి, ట్యాంకరు మధ్యలో అయిపోతే మర్నాడు రాయి ఎక్కడ ఉండాలి. అన్నింటికీ ఆమె దగ్గర జవాబు ఉంది. వాళ్ళ అత్త కాలం నుంచీ నడుస్తున్న పద్ధతి అది. ప్రకాశం జిల్లా పుట్టకముందు, మాది కర్నూలు జిల్లాలో ఉన్నప్పుడు మొదలయిందని చెబుతుంది. మొన్న జిల్లాలు విడగొట్టి ప్రకాశాన్ని చిన్నది చేసినప్పుడు కూడా, ఏ జిల్లాలో కలిపితే నీళ్ళొస్తాయో కనుక్కోమని నన్నే అడిగింది. నేను ప్రోగ్రాము తిరగరాసి అందులో రాయి పెట్టాను. మనిషి లేకున్నా వంతు ఉంటుంది. పక్కవాళ్ళ ఫోనుకు, ఫలానావాళ్ళ రాయికి ఒక డ్రమ్ము పట్టండి అని మెసేజి పోతుంది. ఆ తర్వాత ఆ ఎండాకాలమంతా మా సందులో గొడవలు లేవు.

మా సందు చివరింటి అల్లుడు హైదరాబాదులో ఆసుపత్రులకు టోకెన్ల సాఫ్ట్‌వేరు చేసే కంపెనీలో ఇంజనీరు. అత్తగారింటికి వచ్చినప్పుడు ఆమె ఫోనులో ఆ మెసేజి చూసి, ఇది ఎవరు చేసినారని మా ఇంటికి వచ్చాడు. వాళ్ళ టోకెన్ల పద్ధతిలో రోగి రక్తపరీక్షకు పక్కకు పోతే నంబరు పోతుందట, రోజూ కొట్లాటలేనట. నేను రాళ్ళు చూపించి చెప్పాను. ఫోటోలు తీసుకున్నాడు, నా నంబరూ తీసుకున్నాడు. నేను రాసినదంతా కూర్చుని చదివాడు, బాగుంది అన్నాడు. నేను ఏం చదివానని మాత్రం అడగలేదు.

ఇంటికి పోయి ఉద్యోగం సంగతి చెప్పాక, నన్ను పట్టుకున్నది ఆ ఒక్క మాటే. అడగలేదు. ఆ అల్లుడు నన్ను ఇంజనీరింగు చదివిన పిల్ల అనుకున్నాడు. కంపెనీలో అట్లే చెప్పి ఉంటాడు. వాళ్ళు పిలిచింది నన్ను కాదు, వాళ్ళు ఊహించుకున్న ఇంకెవరినో.

అమ్మ బియ్యం ఏరుతూ విన్నది. "అడిగినారా? లేదు గదా. అడగంది నువ్వెందుకు చెప్తావు?" అంది.

షాపు ఓనరు అక్కకు లోకజ్ఞానం ఎక్కువ. ముందు పోయి చేరమంది. నా పని కళ్ళారా చూశాక కాగితాలు అడిగినా, పోనీలే అంటారంది. అందులోనూ న్యాయం ఉంది. నేను అబద్ధం ఏమీ చెప్పడం లేదు. వాళ్ళు అడిగితే దాచను కూడా. ఒక పూట ఆ వాదంతో నన్ను నేను ఒప్పించుకున్నాను. మరో పూట, ఆ ఆఫీసులో ఎవరు నా బల్ల వైపు నడిచి వస్తున్నా అడగడానికే వస్తున్నారని ఉలిక్కిపడుతూ కూర్చున్నట్టు కనిపించేది. చెబితే మాత్రం ఉద్యోగం పోతుంది. లైబ్రరీలో అన్ని ఏళ్ళ పొద్దులు కూర్చుని నేర్చుకున్నది మా కాలనీ దాటి ఒక్కసారి బయటికి పోబోతోంది, దాన్ని నా నోటితో నేనే ఆపుకోవాలా?

వారంలో సగం రోజులు అట్లా గడిచాయి. నాయన రోజూలాగే పొద్దున్నే నన్ను లైబ్రరీ దగ్గర దింపి పనికి పోయేవాడు.

ఆ రోజు ఆయన అన్నం గిన్నె మరచిపోతే ఫ్యాక్టరీకి తీసుకుపోయాను. షెడ్డు కింద కూర్చుని పలకలు ఏరుతున్నాడు. ఒక్కో పలకనూ ఎడమ చేతి వేళ్ళ మీద నిలబెట్టి, కుడి చేతి కణుపుతో తడతాడు. మంచిదైతే ఖంగుమంటుంది, పగులున్నది బొంగురుగా పలుకుతుంది. పగిలినవి పక్కకు పోతాయి. మచ్చ ఉన్నవి, అంచు కొంచెం విరిగినవి కట్టలోకే పోతాయి. ఆయన ఆ మచ్చ పలకలను విడిగా పెట్టుకుని, కట్ట కట్టేటప్పుడు అన్నింటికంటే పైన పెట్టి తాడు వేస్తున్నాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నా ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు అడిగాను, మధ్యలో పెడితే కొనేవాళ్ళు చూడరు కదా అని.

"మధ్యలో పెడితే కొనేటప్పుడు చూడరు. ఇంటికి పోయినాక చూస్తారు," అన్నాడు నాయన. "అప్పుడు కట్టలో మంచియి గూడా అనుమానంగానే చూస్తారు. పైన పెట్టినామనుకో, అది చూసి వద్దంటే ఈడనే వద్దంటారు. తీసుకున్నోడు మళ్ళ మాట్లాడడు."

"వద్దంటే నష్టం గదా నాయనా."

"నష్టమే. కట్ట మాత్రం మన చేతిలోనే ఉంటది. ఇంగోడికి చూపిస్తాం." తాడు ముడి బిగించి, గిన్నె మూత తీశాడు. "ఏం కూర?"

నా ఉద్యోగం గురించి ఆయన అన్నాడో, పలకల గురించే అన్నాడో నేను అడగలేదు. షాపుకు తిరిగి వచ్చి, గిరాకీ సద్దుమణిగాక, హైదరాబాదు నంబరుకు నేనే ఫోను చేశాను.

మొదట నాకు ఫోను చేసిన మేనేజరు సారే ఎత్తారు. ఉద్యోగానికి ఒప్పుకునే ముందు ఒక మాట చెప్పాలన్నాను. నేను ఇంజనీరింగు చదవలేదు, డిగ్రీ కూడా లేదు, ఇంటర్‌తో ఆగిపోయాను, మీకు చూపించిన పనంతా నేను సొంతంగా నేర్చుకుని చేసిందే అని చెప్పాను.

"మరి ఎక్కడ నేర్చుకున్నారు?"

"మార్కాపురం శాఖా గ్రంథాలయంలో సార్."

"అది ఏ ఇన్‌స్టిట్యూట్ అండీ?"

"ఇన్‌స్టిట్యూట్ కాదు సార్. లైబ్రరీ."

తాము మాట్లాడుకుని చెబుతామని ఆయన ఫోను పెట్టేశారు. ఆయన గొంతులో కోపం లేదు, ఉత్సాహమూ లేదు. విన్న ఓనరు అక్క తల కొట్టుకుంది. "బంగారం లాంటి ఉద్యోగం. నీ నోరు కుట్టాల," అంది. నాకు విచిత్రంగా ఆకలి వేసింది. ఆ వారంలో మొదటిసారి కడుపు నిండా తిన్నాను.

మర్నాడు ఫోను రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. లైబ్రరీకి పోయి కూర్చున్నాను. లైబ్రేరియన్ సార్‌కు అంతా చెప్పాను. ఆయన ఏదో ఓదార్పు చెబుతారనుకుంటే, "మన లైబ్రరీ పేరు సరిగ్గా చెప్పినావు గదా?" అని అడిగారు. చెప్పాను సార్ అన్నాను. "అయితే చాలు," అని రిజిస్టరులోకి తల వంచుకున్నారు. ఆ పూట ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అయినా మధ్య షీటు కోసం ఎదురుచూస్తూ కూర్చున్న నాకు, దిగులు కంటే గర్వమే ఎక్కువగా ఉండింది. ఎందుకో అప్పుడు తెలియలేదు. నేనెవరో ఆ కంపెనీకి ఇప్పుడు పూర్తిగా తెలుసు, అంతే.

మూడో రోజు వీడియో కాల్ పెట్టారు. షాపులో జిరాక్స్ మిషను ఆపి ఓనరు అక్క తలుపు దగ్గరికి వేసింది. తెర మీద మేనేజరు సార్, ఆయన పక్కన ఒక సీనియర్ మేడం. మేడం మొదటి ప్రశ్నే, కంప్యూటరు భాష అంటే ఏమిటో నిర్వచనం చెప్పమన్నారు. నాకు తెలియలేదు. ఇంతకాలం దాన్ని వాడాను గానీ, నిర్వచనం ఎక్కడా చదవలేదు.

"అది మొదటి అధ్యాయంలో ఉంటుంది మేడం. మా పుస్తకానికి మొదటి అధ్యాయం లేదు," అన్నాను.

ఆమె నవ్వారు. మేనేజరు నవ్వలేదు. రెండో అధ్యాయం నుంచి అడగనా అంటే అడగమన్నాను. అక్కడి నుంచి ఆమె ఆగలేదు, నేనూ ఆగలేదు. రెండు రాళ్ళు వరుసగా ఉండి ట్యాంకరు మధ్యలో అయిపోతే నా ప్రోగ్రాము ఏం చేస్తుందని అడిగారు. ఏం చేస్తుందో చెప్పాను, అట్లా ఎందుకు చేస్తుందో చెప్పాను, అవ్వ మాటల్లోనే చెప్పాను. రాయి పెట్టి మూడు రోజులు రానివాళ్ళ సంగతేమిటని అడిగారు. "మా కాలనీలో అట్లాంటివాళ్ళ ఇంటికి పోయి చూస్తాం మేడం, బాగున్నారో లేదో అని. ఆ భాగం ప్రోగ్రాములో రాయలేదు," అన్నాను. ఆమె ఏదో రాసుకున్నారు.

మేనేజరు సార్ చివరికి సంగతి చెప్పారు. కంపెనీ నిబంధన ప్రకారం ఇంజనీరు అనే పేరు ఇప్పుడు ఇవ్వలేరు. ఆరు నెలలు ట్రైనీ. జీతం ముందు చెప్పిన దానికంటే తక్కువ. పని మాత్రం అదే, ఆసుపత్రి టోకెన్లలో మీరన్న రాయి పెట్టడం. ఆలోచించుకుని రేపు చెప్పండి అన్నారు.

రేపటి దాకా ఆలోచించవలసింది ఏమీ మిగలలేదు. ఒక్క మాట అడిగాను.

"ఆరు నెలల తర్వాత మీరు చూసేది పనినా సార్, సర్టిఫికెట్టునా?"

ఆయన మేడం వైపు చూశారు. మేడమే జవాబిచ్చారు. "పనినే. చూసేది నేనే."

"అయితే వస్తాను," అన్నాను.

తలుపు తీసేసరికి షాపు ముందు జనం పేరుకుని ఉన్నారు. ఏంది, కరెంటు పోయిందా అని అడుగుతున్నారు. ఓనరు అక్క అందరికీ టీ చెప్పింది. ఈసారి ఎందుకో కూడా చెప్పింది, కొంచెం పెంచే చెప్పింది.

కాలనీలో ట్యాంకరు పని అమ్మకు అప్పగించాను. అడగంది చెప్పొద్దన్న మనిషి, డ్రైవరు గుర్తు నొక్కడం మరచిపోతే తానే ఫోను చేసి అడగని చీవాట్లన్నీ పెడుతుంది. అవ్వ నన్ను పిలిచి, అక్కడ ఆసుపత్రిలో రాళ్ళు ఎక్కడ పెడతారని అడిగింది. రాళ్ళు ఉండవు అవ్వా, ఫోనులోనే ఉంటాయన్నాను. ఆమెకు నమ్మకం కుదరలేదు. "ఒకటన్నా పెట్టమను," అంది.

బయలుదేరే ముందు ఒక పొద్దున నాయన లైబ్రరీ దగ్గర బండి ఆపి, ఎప్పటిలా పోకుండా స్టాండు వేశాడు. అన్ని ఏళ్ళు నన్ను ఆ గేటు దగ్గరే దింపాడు గానీ లోపలికి రాలేదు. బతుకంతా పలకలు చేసిన మనిషి, పలక మీద రాసింది తక్కువ. బయట కొళాయి దగ్గర చేతులు రెండుసార్లు కడుక్కుని, తుండుతో తుడుచుకుని, చెప్పులు విడిచి వచ్చాడు. లైబ్రేరియన్ సార్ లేచి నిలబడి, రా అన్నా కూర్చో అన్నారు. నాయన కూర్చోలేదు.

"ఏది ఆ పుస్తకం?" అని నన్ను అడిగాడు.

కింది అరలోంచి తీసి ఇచ్చాను. అట్ట లేదు, మొదటి కాగితాలు చివికి ఉన్నాయి. దాన్ని ఎడమ చేతి వేళ్ళ మీద నిలబెట్టి, అలవాటు చొప్పున కుడి చేతి కణుపుతో తట్టాడు. తట్టాక గుర్తొచ్చి తనలో తానే నవ్వుకున్నాడు. పేపరు చదువుతున్న పెద్దవాళ్ళు తలలెత్తి చూశారు.

"గట్టిదే," అన్నాడు వాళ్ళతో, వాళ్ళు అడిగినట్టు. "మా పాప దీంట్లోనే నేర్చుకున్నాది."

తర్వాత దాన్ని కింది అరలో పెట్టలేదు. బల్ల మీద కొత్తగా వచ్చిన పుస్తకాల దొంతర ఉంది. అన్నింటికంటే పైన పెట్టి, అంచులు సరిచేసి, ఫ్యాక్టరీకి వేళయిందని వెళ్ళిపోయాడు. లైబ్రేరియన్ సార్ దాన్ని అక్కడి నుంచి తీయలేదు.